బురదలో మొదలైన బంగారం: గోదావరి పాయల వెంట అయిదు రోజులు

అనంతపురం తిరిగి వచ్చి మూడు రోజులైనా నా తోలుచెప్పులకు పట్టిన కోరంగి బురద వాసన ఇంకా వదలలేదు. వాటిని వరండాలోకి కూడా రానివ్వనని మా ఆవిడ ఖండితంగా చెప్పడంతో అవి ప్రస్తుతం ప్రహరీగోడ మీద ఎండుతున్నాయి. ఆ వాసన పోకముందే ఈ ప్రయాణాన్ని రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్న విషయంలో సగం ఆ వాసనలోనే ఉంది.

ముప్పై ఏళ్లు కళాశాలలో భూగర్భశాస్త్రం చెప్పాను. ఇసుకా బురదా పేరుకొని గట్టిపడిన అవక్షేప శిలల్లో పలుగురాతి సిరలు, అంటే పగుళ్లను నింపిన తెల్లని పట్టీలు, ఎలా పుడతాయో, వాటిలోకి బంగారం ఎలా చేరుతుందో ఏటా రెండు పీరియడ్లలో ముగించి, పరీక్షకు వచ్చే ప్రశ్నగా గుర్తుపెట్టించి వదిలేసేవాణ్ణి. రాజమహేంద్రవరంలో స్థిరపడిన మా బావమరిది, బ్యాంకు ఉద్యోగం నుంచి ఈ మధ్యే విరమించినవాడు, "సంక్రాంతి రద్దీ మొదలవకముందే డెల్టా అంతా తిప్పుతాను, రండి బావగారూ" అని పిలిచినప్పుడు, బట్టల సంచీలో నాలుగు వందల గ్రాముల రాయి ఒకటి వేసుకున్నాను. విద్యార్థిగా ఉన్న రోజుల్లో కర్ణాటకలోని గదగ్‌ ప్రాంతంలో ఒక పాత గని దిబ్బ మీద ఏరుకున్న రాయి అది. తెల్లని పలుగు, మధ్యమధ్య వెంట్రుకల్లాంటి నల్లని చారలు, ఒక మూల తుప్పురంగు మచ్చ. బంగారం దొరకని డెల్టాకు బంగారు గని రాయి ఎందుకని బావమరిది అడిగితే, దాన్ని పుట్టింటికి తీసుకువెళ్తున్నానని చెప్పాను. అతను హాస్యమనుకున్నాడు.

డిసెంబరు 19, ధవళేశ్వరం

ధనుర్మాసం కావడంతో తెల్లవారకముందే వీధి అంతా ముగ్గులతో నిండిపోయింది. పక్కింటివారి ముగ్గు తొక్కకుండా కారు తీయడానికి బావమరిది మూడుసార్లు ముందుకూ వెనక్కూ నడపవలసి వచ్చింది. కాటన్‌ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేయించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది బ్యారేజి, అయినా మాకు దారి చెప్పినవారందరూ ఆనకట్ట అనే అన్నారు. రోడ్డు పక్కన తంపటి వేసిన తేగలు అమ్ముతున్న ఆమె దగ్గర కట్ట నలభై రూపాయలకు కొన్నాము. రాయలసీమవాడికి తేగ తినడం చేతకాదని ఆమె నా చేతులు చూసే గ్రహించి, ఒకటి తీసుకొని నిలువునా చీల్చి, లోపలి చందమామను వేరుచేసి నా చేతిలో పెట్టి, "ముందు ఇది తినాలండి, తర్వాతే తేగ" అని నేర్పింది.

రేవులోకి దిగి గుప్పెడు ఇసుక తీసుకున్నాను. త్ర్యంబకం కొండల్లో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే ఈ నది దక్కను నల్లరాతి నేలనూ, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చే మట్టినీ కలుపుకొని ఇక్కడికి వస్తుంది కాబట్టి, ఆ గుప్పెట్లో పలుగు రేణువులూ, ఎర్రని గార్నెట్‌ రవ్వలూ, అభ్రకపు తళుకులూ కలిసే ఉన్నాయి. అందులో బంగారం కూడా ఉందంటే బావమరిది కళ్లజోడు సవరించుకొని వంగి చూశాడు. ఉన్నది నిజమే గాని, భూమి పైపొరలోని మామూలు రాళ్లలో ఉన్నట్టే, టన్నుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల లెక్కన ఉంటుంది. గని గిట్టాలంటే టన్నుకు కొన్ని గ్రాములైనా ఉండాలి. చెదిరిపోయి ఉన్న ఆ లోహాన్ని వెయ్యిరెట్లకు పైగా ఒకచోటికి చేర్చేదెవరు అన్నదే నా ప్రయాణానికి ప్రశ్న.

ఖాళీ నీళ్ల సీసాలో ఇసుకా ఒండ్రుమట్టీ సమంగా వేసి, కాలువ నీళ్లు నింపి, గట్టిగా కుదిపి, కారు ముందు అద్దం దగ్గర నిలబెట్టాను. ఇసుక అరనిమిషంలో అడుగు పట్టింది, ఒండ్రు తేరుకోవడానికి సాయంత్రం దాకా పట్టింది. నది తెచ్చిన మట్టి సముద్రపు అంచున గుట్టగా పేరుకొని, ఏదో ఒకనాడు జారి, బురద ప్రవాహమై లోతుల్లోకి దూకినప్పుడు జరిగేది కూడా ఇదే. అడుగున ఇసుక, పైన బురద, మరో జారుడుకు మళ్లీ ఇసుక, మళ్లీ బురద. ఈ డెల్టా కిందా దీని ముందున్న సముద్రం కిందా కృష్ణా గోదావరి బేసిన్‌లో పేరుకున్న మట్టి కొన్ని కిలోమీటర్ల మందం ఉంది, లోతు సముద్రంలో గ్యాసు కోసం వెతికేవారికి కావలసింది అందులోని ఇలాంటి ఇసుక పొరలే. 1851లో బంగారం బయటపడి వేలమందిని రప్పించుకున్న ఆస్ట్రేలియాలోని బెండిగో రాళ్లు కూడా, 45 కోట్ల ఏళ్లకు ముందు, సముద్రపు అడుగున ఇలాగే ఇసుకా బురదా ఒకదానిమీద ఒకటి పరుచుకోగా పుట్టినవే.

డిసెంబరు 20, ఆత్రేయపురం

ఇక్కడ ఒక గంట ఉండి వెళ్దామనుకొని పూట అంతా ఉండిపోయాము. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తర్వాత ఆత్రేయపురం పూతరేకుల బోర్డులు రోడ్డంతా వెలిశాయి. మేము మాత్రం బోర్డు లేని ఒక ఇంటి వసారాలో కూర్చున్నాము. పొయ్యి మీద బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరిమట్టల మంట, పక్కన నీళ్లంత పలుచగా రుబ్బిన బియ్యప్పిండి. ఆ ఇంటావిడ పలుచని గుడ్డను పిండిలో ముంచి, రెండు చేతులతో కుండ వీపు మీదుగా ఒక్కసారి లాగితే, బుస్సుమని ఆవిరి లేచి, కన్ను మూసి తెరిచేలోగా ఉల్లిపొర కంటె పలుచని రేకు కుండకు అంటుకొని ఉంటుంది. నన్నూ ఒకటి వేయమన్నారు. నా రేకు మూడు చోట్ల చిరిగింది, నా చూపుడువేలు ఒకచోట బొబ్బలెక్కింది. "మొదటి నెలంతా అందరికీ అంతేనండి" అని ఆమె మర్యాదకు అన్నది గాని, ఆ రేకును మాత్రం విడిగా చాటలో వేసింది.

సంచీలోంచి రాయి తీసి ఆమెకు చూపించాను. పలుగుసిర అంటే కరిగిన రాయి ఒక్కసారిగా పగుల్లోకి పోతపోసినట్టు వచ్చి గడ్డకట్టినదని చాలామంది అనుకుంటారు, మా విద్యార్థులూ ఏటా అలాగే రాసేవారు. అక్కడ ఉన్నది కరిగిన రాయి కాదు, వేడినీళ్లు. భూమిలో అయిదు నుంచి పదిహేను కిలోమీటర్ల లోతున, 250 నుంచి 400 డిగ్రీల వేడిమిలో, పైనున్న రాతి బరువంతా మోస్తూ చిక్కుకుపోయిన నీటిలో పలుగుకు మూలమైన సిలికా కరిగి ఉంటుంది. రాతిపొరలు ఒకదాని పక్కన ఒకటి జారే పెద్ద పగులును భ్రంశం అంటారు. అది మూసుకుపోతే దాని కింద ఆ నీటి ఒత్తిడి పెరిగి పెరిగి, ఒకనాటికి రాతిపొరలు కదిలి భూకంపం వస్తుంది, పగులు తెరుచుకుంటుంది, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. అంతవరకు మోసిన సిలికాను ఇక మోయలేక నీరు పగులు గోడలకు తెల్లని పొరగా వదిలేస్తుంది. పొర పేరుకొని పగులు మూసుకుంటే మళ్లీ ఒత్తిడి, మళ్లీ కంపం, మరో పొర. నా రాయిలోని నల్లని చారలు ఒక్కో తెరపుకు పక్కగోడ నుంచి ఊడివచ్చిన పలకరాతి పీలికలు. ఇది పిండి ఆరినట్టు ఆరిన పొర కాదు, నీటిలోంచి విడిపడిన పొర. పైగా రేకుకూ రేకుకూ నడుమ ఏళ్లో వందల ఏళ్లో గడుస్తాయి. ఆ తేడాను మినహాయిస్తే, నేను తరగతిలో బోర్డు మీద గీసిన బొమ్మలన్నిటి కంటె ఆ కుండే నయంగా చెప్పింది.

ఆమె రేకుల దొంతర మీద నెయ్యి రాసి, బెల్లంపొడి చల్లి మడతపెడుతుండగా మరొకటి కనిపించింది. మడత వంపు దగ్గర రేకులు ఒకదానిమీద ఒకటి జారి, వంపు వీపున సన్నని ఖాళీ ఏర్పడి, పొడి అంతా అక్కడికే చేరింది. ఖండాల ఒత్తిడికి ఇసుకరాయీ పలకరాయీ పొరలుపొరలుగా ముడుతపడినప్పుడు ముడుత శిఖరాన అలాంటి ఖాళీలే తెరుచుకుంటాయి, వాటిని నింపిన పలుగు అడ్డకోతలో గుర్రపు జీను ఆకారంలో ఉంటుంది. బెండిగోలో అలాంటి జీనులు ఒకదాని కింద ఒకటి దొరుకుతూ పోవడంతో గనులు కిలోమీటరు లోతు దాటి దిగాయి. ఇదంతా నేను చెబుతుంటే ఆమె ఓపికగా విని, "బెల్లం ఎక్కడికి చేరుతుందో మాకు తెలుసుగానండి, అందుకే వంపు దగ్గర తక్కువ చల్లుతాం" అన్నది. పదేసి పూతరేకుల పెట్టెలు రెండు అయిదు వందలు.

డిసెంబరు 21, అంబాజీపేట, అమలాపురం

అంబాజీపేటలో పనసాకుల దొప్పల్లో ఉడికించిన పొట్టిక్కబుట్టలు తిన్నాము. రెండు యాభై రూపాయలు. ఆకు వాసన పిండికి పట్టిందని నేను మెచ్చుకుంటే, చట్నీలో అల్లం తక్కువైందని బావమరిది కొట్టువాడితో పావుగంట వాదించాడు. ఇక్కడి వాదనల్లో గొంతు పెరిగినా "అండి" మాత్రం జారదు. సార్వా కోతలు అయిపోయి, కళ్లాల్లో కుప్పలు లేచి, కొన్నిచోట్ల దాళ్వాకు ఆకుమళ్లు తయారవుతున్నాయి.

అమలాపురంలో బావమరిదికి తెలిసిన ఒక స్వర్ణకారుని దుకాణంలో కూర్చున్నాము. మూడు తరాల వృత్తి, తాతగారి కుంపటి ఇప్పుడు గ్యాసు మంట అయింది గాని మూసా, పట్టుకారూ, ఊదుగొట్టమూ అలాగే ఉన్నాయి. రాయిలోని తుప్పు మచ్చ పక్కన మెరుస్తున్న పసుపు రవ్వను ఆయన భూతద్దంతో చూసి, సూదిమొనతో ఒత్తాడు. రవ్వ పొడి అయింది. "బంగారమైతే గుంటపడుద్దండి, పొడి అవదు" అన్నాడు. గీటురాయి మీద రుద్దితే పచ్చని గీతకు బదులు ఆకుపచ్చ కలిసిన నల్లని గీత పడింది. అది ఇనుమూ గంధకమూ కలిసిన పైరైట్‌, బంగారమని భ్రమింపజేసే ఖనిజం. మూడు నిమిషాల్లో మా ప్రయోగశాల పాఠం మొత్తం అయిపోయింది.

అయితే బంగారం జాడ చెప్పేది చాలాసార్లు ఆ నకిలీ రవ్వే. "మా నత్రికామ్లానికే లొంగనిది ఉత్త నీళ్లలో ఎలా కరిగిందండి?" అని ఆయన అడిగిన ప్రశ్న సరైనది. ఉత్త నీళ్లలో కరగదు. ఆ లోతుల్లోని వేడినీటిలో గంధకం, హైడ్రోజన్‌తో కూడిన బైసల్ఫైడ్‌ రూపంలో ఉంటుంది. ఒక బంగారు అయానును రెండు బైసల్ఫైడ్‌ అయాన్లు చెరోవైపు పట్టుకొని, పల్లకి మోసినట్టు మోసుకుపోతాయి. దారిలో ఇనుము ఎక్కువగా ఉన్న రాయి తగిలితే గంధకం ఇనుమును పట్టుకొని పైరైటో, ఆర్సెనిక్‌ కూడా కలిసిన ఆర్సెనోపైరైటో అయిపోతుంది, బోయీలు పోయిన పల్లకి అక్కడే దిగబడుతుంది. పగులు తెరుచుకొని ఒత్తిడి పడినప్పుడు నీటిలోని కార్బన్‌డయాక్సైడు, సోడా మూత తీసినట్టు, గంధకపు వాయువును వెంటబెట్టుకొని లేచిపోయినా అంతే. బొగ్గుపొడి వంటి కర్బనం నిండిన నల్లని పలకరాయి సోకినా బంగారం నీటిలో నిలవడం కష్టమే. అందుకే ఒకే సిరలో ఒకచోట గుప్పెడు బంగారం పడి, పది గజాల అవతల ఏమీ లేకపోవడం గనుల్లో నిత్యం చూసే సంగతి.

మరి ఈ రాయిలో ఎంత ఉంటుందని ఆయన అడిగాడు. టన్నుకు అయిదు గ్రాముల రాయి అనుకుంటే నాలుగు వందల గ్రాములకు రెండు మిల్లీగ్రాములు, గురిగింజ ఎత్తులో సుమారు అరవయ్యో వంతు. ఆయన నవ్వి, దుకాణం ఊడ్చిన మట్టిని దాచిన డబ్బా చూపించాడు. ఆ మట్టిని కొనుక్కుపోయి, కడిగి, కరిగించి బంగారం తీసేవాళ్లున్నారట. "మీ రాయి కన్నా నా చెత్త నయమండి మాస్టారూ!" అన్నాడు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆకురాయి కింద రాలిన రజను నేలంతా చెదిరితే ఊడ్చి కడిగి మళ్లీ ముద్ద చేసే ఆ పని, పది కిలోమీటర్ల లోతున వేడినీరు చేసే పనికి చాలా దగ్గరిది.

డిసెంబరు 22, ముక్తేశ్వరం మీదుగా కోరంగి

అమలాపురం నుంచి ముమ్మిడివరం, ఎదుర్లంక మీదుగా యానాం వెళ్లవలసిన మేము, ఫోను చూపించే దారి కంటె తనకు తెలిసిన కాలువగట్టే దగ్గరని బావమరిది పట్టుబట్టడంతో, గంట తిరిగి ముక్తేశ్వరం రేవులో తేలాము. ఎదురుగా గౌతమి, ఎడంగా కోటిపల్లి గట్టు. వెనక్కి తిరగడానికి అతని పరువు ఒప్పుకోలేదు కాబట్టి కారును పంటు ఎక్కించాము. కారుకు నూట యాభై. నాలుగు మోటారు సైకిళ్లూ, ఒక గడ్డిమోపూ, పెళ్లిబట్టల మూటలతో ఒక కుటుంబమూ తోడు. దారి తప్పినందుకు నేను చింతించలేదు, ద్రాక్షారామం దర్శనం కూడా దొరికింది.

తాళ్లరేవు దగ్గర మండపీతల ఇగురుతో భోజనం చేశాము. పులస కాలం ఎప్పుడో దాటిపోయిందని, వచ్చే శ్రావణానికి రమ్మని వడ్డించినాయన చెప్పాడు. 1839 తుపానుకు తుడిచిపెట్టుకుపోకముందు కోరంగి పెద్ద ఓడరేవు అంటే ఇప్పుడు నమ్మడం కష్టం. మడ అడవిలో చెక్కల వంతెన మీద నడిచాక, సాయంత్రం సముద్రపు నీరు వెనక్కి తగ్గే పాటు సమయంలో ఊరి చివర పడవల రేవుకు వెళ్లాము. "ఆయ్, దిగకండి మాస్టారూ, మోకాలి దాకా పోతారు" అని పడవ మనిషి చెబుతూనే ఉన్నాడు. నేను దిగాను, మోకాలి దాకా పోయాను. ఆయన తెడ్డు అందించి లాగితే నేను వచ్చాను గాని, ఒక చెప్పు కోసం మరో పది నిమిషాలు వెతకవలసి వచ్చింది.

కాలు పైకి వచ్చినప్పుడు లేచిన కుళ్లిన కోడిగుడ్డు వాసన కోసమే నేను ఇంత దూరం వచ్చాను. మడాకు కుళ్లే ఈ బురదలో వేలెడు లోతు దాటితే ప్రాణవాయువు ఉండదు. అక్కడి సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని సల్ఫేటుతో బతుకుతూ హైడ్రోజన్‌ సల్ఫైడును వదులుతాయి. ఆ గంధకం బురదలోని ఇనుముతో కలిసి మొదట నల్లని సల్ఫైడు, తర్వాత పైరైట్‌ అవుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ పైరైట్‌ చిన్నచిన్న సీతాఫలాల్లా, గింజలు గింజలుగా ఉండే గుండ్లు. నదీ సముద్రమూ తెచ్చిన ఆర్సెనిక్‌, అతి స్వల్పంగా బంగారం, కుళ్లిన ఆకుల కర్బనాన్నీ ఈ గుండ్లనూ పట్టుకొని మిగిలిపోతాయి. అంటే చెదిరిన దాన్ని ఊడ్చి డబ్బాలో వేసే పని ఇక్కడే మొదలవుతుంది.

మిగతాది లోతు చేస్తుంది. ఇలాంటి బురద పది కిలోమీటర్లకు మించి కూరుకుపోయి, వేడి 450, 500 డిగ్రీలకు చేరేసరికి, బంకమట్టి నుంచి పుట్టిన ఖనిజాలు తమలోని నీటిని విడిచిపెడతాయి, పైరైట్‌ తన గంధకంలో కొంత వదులుకొని, గంధకం తగ్గిన మరో ఇనుప ఖనిజమైన పిర్రొటైట్‌ అవుతుంది, దానిలో దాగిన బంగారం ఆ గంధకాన్నే బోయీలుగా చేసుకొని భ్రంశాల వెంట పైకి బయలుదేరుతుంది. బంగారం మూలం మరింత లోతున ఉన్న అగ్నిపర్వత శిలలనీ, గ్రానైటు ద్రవాలనీ చెప్పే శాస్త్రజ్ఞులు కూడా ఉన్నారు, కోలారు వంటి చోట సిరలు ఉన్నది కూడా అగ్నిపర్వత శిలల నుంచి మారిన రాళ్లలోనే. బురదరాళ్ల నడుమ సిరలున్న బెండిగో వంటి చోట్ల మాత్రం నా మొగ్గు బురద వైపే. ఇదంతా ఈ గోదావరి బురదకు జరగాలంటే ఖండాలు ఢీకొని ఈ పొరలు ముడుతలు పడాలి, కోట్ల ఏళ్లు గడవాలి అని చెబితే, "అప్పటికి లాకరు అద్దె ఎంతవుతుందో బావగారూ" అన్నాడు మా బ్యాంకు ఉద్యోగి.

డిసెంబరు 23, ఉప్పాడ

కాకినాడలో కాజాల కోసం తప్ప ఆగలేదు. ఉప్పాడలో సముద్రం రోడ్డును కొరుకుతోంది. అడ్డంగా పోసిన బండరాళ్ల మీదుగా అలల తుంపర కారు అద్దాల మీద పడింది. 2020 నవంబరులో నివర్‌ తుపాను తర్వాత ఈ తీరంలో ఊరివాళ్లు ఇసుకను దువ్వెనలతో గీరి బంగారు రవ్వలు ఏరుకున్న వార్త నేను అప్పట్లో కత్తిరించి దాచుకున్నాను. దీనికి పలుగుసిరలతో ఏ సంబంధమూ లేదు. దశాబ్దాలుగా కడలి మింగిన ఇళ్లలోనూ గుళ్లలోనూ ఉన్న బంగారం అది అని అప్పట్లో చెప్పుకున్నారు, నాకూ అదే సబబనిపిస్తుంది.

తుపాను లేని రోజు కాబట్టి ఏరేవాళ్లు లేరు. టార్పాలిన్‌ మీద చేపలు ఆరబెడుతున్న ఒకావిడ మాత్రం, అడిగితే, తనకు అప్పట్లో ఒక పూస దొరికిందని చెప్పింది. అమ్మారా అన్నాడు బావమరిది. "ఎవరిదో కదండి. మా వీధి వాళ్లదే అయ్యుంటుంది. దేవుడి దగ్గర పెట్టాను" అన్నది. మా వీధి అంటూ ఆమె చెయ్యి చూపించిన వైపు నీళ్లు తప్ప ఏమీ లేవు. బంగారం భూమిలో ఎలా పుడుతుందని ఆమె నన్ను అడిగింది. నా రాయి తీసి ఆమె చేతిలో పెట్టి, బురద దగ్గర మొదలుపెట్టి చెప్పాను. చివరికంటా విన్నది. ఇంత బరువు రాయిని అయిదు రోజులూ మోశారా అని ఆశ్చర్యపోయింది. ఈలోగా గాలి లేచి టార్పాలిన్‌ కొస ఎగరబోతే, చేతిలో ఉన్న దాన్నే దాని మీద పెట్టింది.

పిఠాపురం దాటాక గాని రాయి సంగతి మాకు గుర్తురాలేదు. వెనక్కి తిప్పనా అని బావమరిది అడిగాడు. సముద్రపు గాలి ఆ పూట బాగా వీస్తోందని, ఇప్పుడు దాన్ని తీస్తే చేపలన్నీ ఇసుకపాలవుతాయని చెప్పాను.